పది అణాల సీసా నుంచి ఢిల్లీ శాసనసభకు

కృష్ణా జిల్లాలో తలనొప్పి వచ్చిన ఇంట అమృతాంజనం సీసా కోసం వెతకని వారుండరు. గూట్లోనో, దిండు కిందనో, ముసలమ్మ గారి బొడ్డు సంచిలోనో ఆ సీసా కనబడుతుంది. మూత తీస్తే చాలు, వాసన ఇల్లంతా వ్యాపిస్తుంది. దానిని కనిపెట్టి లోకానికి ఇచ్చినవారు పామర్రు పక్కనున్న ఎలకుర్రు గ్రామస్థులన్న సంగతి మాత్రం ఈనాటి పిల్లల్లో చాలామందికి తెలియదు. వారే దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. మందు అమ్మి లక్షలు గడించి, ఆ లక్షలను పత్రికకూ గ్రంథాలకూ కాంగ్రెసుకూ ధారపోసి, చివరకు అరవై ఏడేళ్ళ వయస్సులో మన జిల్లా ఓటర్ల ముందు నిలబడి శాసనసభకు వెళ్ళిన మనిషి వారు.

పంతులుగారు 1867 మే 1న జన్మించారు. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. గుడివాడ తాలూకాలో అప్పటికి కాలువ నీళ్ళు వచ్చి పెద్దకాలం కాలేదు. పొలం పండుతున్నది గాని, చదువుకున్నవాడు ఊళ్ళో ఉండి చేయగల పని కరణీకమో బడి పంతులు పనో తప్ప మరొకటి లేదు. ఊళ్ళో అక్షరాలు దిద్ది, బందరులో చదివి, అక్కడి నుంచి మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్ళి 1891లో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. చదువుకునే రోజుల్లోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారి వివేకవర్ధని చదివి, పత్రిక అనేది ఊళ్ళను కదిలించగలదని గ్రహించారు.

బి.ఏ. చదివినవాడు ఆ రోజుల్లో సర్కారు నౌకరీకి పోతే తాసీల్దారు కావచ్చు. ప్లీడరీ చదివితే బందరులోనో బెజవాడలోనో మేడ కట్టవచ్చు. పంతులుగారు ఆ రెండూ కాదని వర్తకంలో దిగారు. బ్రాహ్మణుల బిడ్డ, బి.ఏ. చదివి దుకాణం పెడతాడా అని ఊరు ఆశ్చర్యపడి ఉండాలి. మద్రాసులో కొంతకాలం వ్యాపారం చేసి, కలకత్తా వెళ్ళి మందుల వ్యాపారంలో మెళకువలు తెలుసుకొని, ఆ తరువాత బొంబాయి చేరి ఒక దొరల కంపెనీలో పనిచేశారు. పెద్ద నగరంలో సరుకు ఎలా తయారవుతుంది, ఎలా అమ్ముడుపోతుంది, రైలు మీద ఎంత దూరం పోతుంది అనే విషయాలు అక్కడ ఆకళింపు చేసుకున్నారు.

1893లో అమృతాంజనం పుట్టింది. అప్పటికి పంతులుగారికి 26 ఏళ్ళు. వారు వైద్యులు కారు. వైద్య కళాశాల మెట్లు ఎక్కినవారు కారు. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం వంటివి మన పెద్దలకు కొత్త కావు. వాటితో పసుపుపచ్చని లేపనం తయారుచేసి, చిన్న సీసాలో పెట్టి, ఒకే పేరుతో, ఒకే గుణంతో, దేశమంతటా దొరికేటట్టు చేయడమే కొత్త. ఊరి వైద్యుని మందు ఊరి పొలిమేర దాటదు. ఈ మందు రైలెక్కింది.

సీసా వెల పది అణాలు. ఈనాడు ఆ మాట వింటే నవ్వు వస్తుంది గాని, ఆనాటి కూలివాడికి పది అణాలంటే ఒక రోజు కూలికి మించిన డబ్బు. ముక్కూ మొగమూ తెలియని మందుకు అంత సొమ్ము ఎవరు పెడతారు? పంతులుగారు దానికి ఒక ఉపాయం చేశారు. సంగీత కచేరీలు జరిగేచోట మందును ఉచితంగా పంచిపెట్టారు. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని పాట వినేవాళ్ళకు తలనొప్పి రాక మానదు. ఒకసారి రాసుకున్నవాడు రెండోసారి కొనుక్కున్నాడు. ప్రచారం అంటే గోడ మీద బొమ్మ వేయడమే అనుకునే వారికి ఈ సంగతి చెప్పవలసిందే. అలా పదిహేనేళ్ళలో వ్యాపారం నిలదొక్కుకుని, పంతులుగారు సంపన్నులయ్యారు.

పత్రికకు మందు సొమ్ము

1907లో సూరత్‌లో కాంగ్రెసు మహాసభ జరిగింది. మితవాదులూ అతివాదులూ తలపడి సభ చెదిరిపోయిన సంవత్సరం అది. పంతులుగారు ఆ సభకు వెళ్ళారు. దేశంలో ఇంత జరుగుతుంటే తెలుగువాడికి తెలుగులో చెప్పే పత్రిక చాలినంత లేదని వారికి తోచింది. బందరులో కృష్ణాపత్రిక 1902 నుంచీ ఉన్నది గాని, దేశం నాలుగు చెరగులకు అదొక్కటే చాలదు కదా. 1908 సెప్టెంబరులో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. తెలుగు పత్రిక బొంబాయిలో పుట్టడం వింతగా తోచవచ్చు. కాని ఆ నగరంలో ఇళ్ళు కట్టే పనుల్లోనూ మిల్లుల్లోనూ తెలుగువారు వేలకొద్దీ ఉండేవారు. కామాఠీపుర అనే పేటకు ఆ పేరు వచ్చింది తెలుగు కామాఠీల వల్లనే.

1914లో పంతులుగారు మకాం మద్రాసుకు మార్చారు. ఆ ఏప్రిల్ 1న ఆంధ్రపత్రిక దినపత్రికగా మారింది. నాలుగు నెలలు తిరక్కుండానే ఐరోపాలో యుద్ధం వచ్చిపడింది. యుద్ధ వార్తల కోసం జనం తపాలా బంట్రోతు దారి కాచే రోజులు వచ్చాయి. ఊళ్ళో ఒక్కరికి పత్రిక వస్తే రచ్చబండ మీద ఒకరు పైకి చదవడం, పదిమంది చుట్టూ చేరి వినడం ఆ కాలంలో మొదలై చాలా ఏళ్ళు సాగింది. చదువురాని రైతుకు సైతం ఢిల్లీ, లండను పేర్లు పరిచయమైంది అలాగే.

ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. మందు అమ్ముకునే షావుకారు పత్రిక పెట్టింది ప్రకటనలు వేసుకోవడానికేనా అని ఎవరైనా అడగవచ్చు. అమృతాంజనం ప్రకటన ఆంధ్రపత్రికలో కనబడిన మాట నిజమే. అయితే పత్రిక పుట్టేనాటికి మందు పుట్టి పదిహేనేళ్ళయింది. బొంబాయి, మద్రాసు, కలకత్తా బజార్లలో అది అప్పటికే చెలామణీలో ఉన్నది. అది అమ్ముడుపోవడానికి తెలుగు పత్రిక అక్కరలేదు. పత్రిక బతకడానికే మందు కావలసివచ్చింది. దొరతనం వారి మీద రాసే పత్రికకు ఏ నాడు ఏ జామీను కట్టవలసి వస్తుందో తెలియదు. సర్కారు ప్రకటనలు రావు.

ఈ సంగతి బోధపడాలంటే టంగుటూరి ప్రకాశం పంతులుగారి స్వరాజ్య పత్రికను చూడాలి. ప్రకాశంగారు 1921లో మద్రాసులో దానిని పెట్టారు. రాతలో, ధైర్యంలో ఎవరికీ తీసిపోని పత్రిక అది. బారిస్టరుగా గడించిన ఆస్తి అంతా దానికే పెట్టారు. ఆస్తి అయిపోయింది, అప్పులు మిగిలాయి, పత్రిక ఆగిపోయింది. ఆంధ్రపత్రిక ఆగలేదు. ఇద్దరూ త్యాగంలో ఎక్కువ తక్కువలు లేనివారే. తేడా అల్లా ఒకరి వెనుక ప్రతి నెలా అమ్ముడుపోయే మందు సీసా ఉన్నది, మరొకరి వెనుక లేదు.

పత్రికతో పంతులుగారు ఆగలేదు. సంవత్సరాది నాటికి రంగుల బొమ్మలతో, పండితుల వ్యాసాలతో ఉగాది సంచికలు తెచ్చారు. 1924లో భారతి మాసపత్రిక ప్రారంభించారు. భారతిలో తన రచన అచ్చయితే తాను రచయితనయ్యానని అనుకునే కాలం తెలుగుదేశంలో యాభై అరవై ఏళ్ళు నడిచింది. 1926లో ఆంధ్ర గ్రంథమాల పెట్టి పాత కావ్యాలనూ చరిత్రలనూ అచ్చువేయించారు. పాల్కురికి సోమనాథుని బసవపురాణం, పండితారాధ్య చరిత్ర ఆ మాలలో వచ్చినవే. వెల తక్కువ, అచ్చు శుభ్రం. ఊళ్ళలో గ్రంథాలయాలు పెట్టుకునేవారికి అవి ఎంతో ఉపకరించాయి. 1923లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మరణించగా ఆగిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని సైతం పంతులుగారు మళ్ళీ తలకెత్తుకున్నారు. అది పూర్తి కాలేదు. పూర్తి కానివ్వనంత పెద్ద పని అది.

ఇవన్నీ లాభం చూసుకుని చేసే పనులు కావు. పుస్తకాలకు, బీద విద్యార్థుల ఫీజులకు, గ్రంథాలయాలకు, ఖద్దరుకు అని వచ్చినవారిని ఉత్త చేతులతో పంపని మనిషిగా వారు పేరుపడ్డారు. విశ్వదాత అన్న బిరుదు అందువల్లనే వచ్చింది. దేశోద్ధారక అన్నది మరొకటి. దొరతనం వారు ఇచ్చే రావుబహద్దూర్ వంటిది కాదు, జనం పెట్టుకున్న పేరు.

జైలు, ఆ తరువాత ఓట్లు

1924 నుంచి 1934 దాకా ఉన్న పదేళ్ళలో నాలుగు పర్యాయాలు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. ఆ పదవికి జీతం లేదు. అధ్యక్షుడే ఎదురు ఖర్చు పెట్టుకోవాలి. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. అప్పటికి పంతులుగారికి 63 ఏళ్ళు. వ్యాపారం ఉన్నది, పత్రిక ఉన్నది, చేతికింద పనిచేసేవారు ఎందరో ఉన్నారు. చందా రాసి ఇంట్లో కూర్చుంటే తప్పుపట్టేవారు లేరు. అయినా సత్యాగ్రహంలో దిగి జైలుకు వెళ్ళారు. జైల్లో ఊరికే కూర్చోక భగవద్గీతకు వ్యాఖ్యానం రాశారు.

1934లో శాసనోల్లంఘనం ఆగిపోయి, శాసనసభల్లోకి వెళ్ళి పోరాడాలని కాంగ్రెసు నిర్ణయించింది. ఆ సంవత్సరాంతంలో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఎన్నికలు జరిగాయి. ఈనాటి పార్లమెంటుకు అది పూర్వరూపం అనవచ్చు గాని, అధికారం అంతా వైస్రాయి చేతిలోనే ఉండేది. సభ్యుల్లో కొందరు ఎన్నికైనవారు, కొందరు సర్కారు నియమించినవారు. తెలుగు జిల్లాలను రెండేసి మూడేసి కలిపి ఒక్కొక్క స్థానం చేశారు. గంజాం, విశాఖపట్నాలకు వి.వి. గిరిగారు, గుంటూరు, నెల్లూరులకు ఎన్.జి. రంగాగారు, రాయలసీమ వైపు మాడభూషి అనంతశయనం అయ్యంగారు కాంగ్రెసు తరఫున నిలిచారు. గోదావరి, కృష్ణా స్థానానికి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు నిలిచారు.

ఆనాటి ఓటు ఈనాటి ఓటు వంటిది కాదు. ఈనాడు 18 ఏళ్ళు నిండిన కూలివాడికీ కోటీశ్వరుడికీ ఒకే ఓటు. అప్పుడు సర్కారుకు నిర్ణీత మొత్తానికి మించి శిస్తో పన్నో కట్టేవారికే ఓటు. కాంగ్రెసు అభిమాని అయినా సెంటు భూమి లేని పాలేరుకు ఓటు లేదు. కౌలుకు చేసుకునే చిన్న రైతుల్లోనూ, రెక్కాడితేగాని డొక్కాడని ఇళ్ళల్లోనూ ఓటు అనే మాటే లేదు. అంటే పంతులుగారి మందు రాసుకున్నవారిలో, వారి పత్రిక రచ్చబండ దగ్గర విన్నవారిలో చాలామంది వారికి ఓటు వేయలేకపోయారన్న మాట. ఓట్లున్నది పెద్ద రైతులకు, జమీందార్లకు, వర్తకులకు, ప్లీడర్లకు. వీరిలో దొరతనం వారికి విధేయులు కూడా తక్కువేమీ కాదు. శిస్తు వసూలు చేసే సర్కారుకు ఎదురుగా ఓటు వేయడానికి కొంత గుండె కావాలి.

అభ్యర్థిగా వారికి ఉన్న బలం ఏమిటో చూస్తే, సాధారణంగా ధనవంతుడైన అభ్యర్థి ఎన్నికలప్పుడు ఖర్చు పెడతాడు. పంతులుగారి ఖర్చు ఎన్నికలకు పాతికేళ్ళ ముందునుంచే మొదలయింది. బందరు, గుడివాడ, ఏలూరు, రాజమండ్రి ఏ ఊరికి వెళ్ళినా వారి పత్రిక అప్పటికే అక్కడ ఉన్నది. వారి పుస్తకం అక్కడి గ్రంథాలయంలో ఉన్నది. వారు జైలుకు పోయివచ్చిన సంగతి అందరికీ తెలుసు.

అయితే మందూ, పత్రికా, పార్టీ ఒకే మనిషి చేతిలో ఉంటే ఎట్లా అన్న ప్రశ్న కూడా ఈనాటి పాఠకుడికి రాకపోదు. పెద్ద పత్రిక తన యజమానే అభ్యర్థి అయినప్పుడు నిష్పక్షపాతంగా ఉండగలదా? ఇది దాటవేయవలసిన ప్రశ్న కాదు. చేతిలో పత్రిక ఉన్న నాయకుణ్ణి జనం ఎప్పుడూ ఒక కంట కనిపెట్టి ఉండవలసిందే. పంతులుగారి విషయంలో జనం నమ్మకం పెట్టుకున్నారంటే, ఆ పత్రిక వారికి కాంట్రాక్టులూ లైసెన్సులూ తెచ్చిపెట్టిన పత్రిక కాకపోవడం వల్ల. సర్కారు వారి కోపమే తెచ్చిపెట్టింది. మందు వ్యాపారానికి శాసనసభ్యత్వం వల్ల ఒరిగేది ఏమీ లేదు. నిజానికి దొరతనంతో తగవు లేకుండా ఉంటేనే వ్యాపారికి లాభం.

ఓటర్లు వారిని గెలిపించారు. మద్రాసు రాష్ట్రంలో ఆ ఎన్నికల్లో కాంగ్రెసు గాలి గట్టిగా వీచింది. దొరతనం వారికి అయినవాడు, సభాధ్యక్షుడు అయిన షణ్ముఖం చెట్టిగారంతటివారే ఓడిపోయారు. గిరిగారు, రంగాగారు, అయ్యంగారు, పంతులుగారు నలుగురూ ఢిల్లీ వెళ్ళారు. తక్కిన ముగ్గురూ పంతులుగారికన్నా చాలా చిన్నవారు. ఒకరు తరువాత రాష్ట్రపతి అయ్యారు, ఒకరు లోక్‌సభకు స్పీకరు అయ్యారు, ఒకరు రైతు నాయకులుగా ప్రసిద్ధులయ్యారు. పంతులుగారికి అంత ఆయుర్దాయం మిగలలేదు. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1936లో అమృతాంజనం లిమిటెడ్ కంపెనీ అయింది.

శ్రీబాగ్ ఇంట్లో ఒక సాయంకాలం

ఇక వారి జీవితంలో మన జిల్లా రైతులు తప్పక తెలుసుకోవలసిన ఘట్టం మరొకటి ఉన్నది. మద్రాసు మైలాపూరులో పంతులుగారి ఇంటి పేరు శ్రీబాగ్. మద్రాసు రాష్ట్రం నుంచి తెలుగు జిల్లాలు విడిపోయి ఆంధ్రరాష్ట్రం కావాలన్నది అప్పటికి పాతికేళ్ళ కోరిక. కాని రాయలసీమ వారికి ఒక భయం ఉండేది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో కాలువలున్నాయి, చదువులున్నాయి, జనాభా ఎక్కువ. రాష్ట్రం వస్తే శాసనసభలో స్థానాలన్నీ సర్కారు జిల్లాలవే అవుతాయి, నీళ్ళూ వారివే, కొలువులూ వారివే అవుతాయి అన్నది ఆ భయం. అందులో అన్యాయం ఏమీ లేదు. మన జిల్లా కాలువ గట్టు మీద నిలబడి చూస్తే అనంతపురం ఎండ తెలియదు.

1937 నవంబరు 16న ఉభయ ప్రాంతాల నాయకులు శ్రీబాగ్‌లో కూర్చున్నారు. కడప కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు, పప్పూరు రామాచార్యులుగారు ఆ వైపు. కొండా వెంకటప్పయ్యగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఈ వైపు. అక్కడ కుదిరినదే శ్రీబాగ్ ఒడంబడిక. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్ళ వాడకంలో పదేళ్ళో, అవసరమైతే ఇంకా కొంతకాలమో రాయలసీమకూ నెల్లూరుకూ ప్రాధాన్యం ఇవ్వాలన్నారు. శాసనసభలో సాధారణ స్థానాలు జిల్లాకు వీలైనంత సమానంగా ఉండాలన్నారు. విశ్వవిద్యాలయం వాల్తేరులో ఉంటే అనంతపురంలో ఒక కేంద్రం ఉండాలన్నారు. రాజధాని, హైకోర్టు ఒకేచోట ఉండరాదని, రెంటిలో ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమదని రాసుకున్నారు.

కృష్ణ కాలువ నీటితో పండిన ఊరి నుంచి వచ్చిన మనిషి ఇంట్లోనే కృష్ణ నీళ్ళలో ముందు మీకు అన్న మాట కుదిరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలుకూ, ఆ మరుసటి ఏడు హైకోర్టు గుంటూరుకూ వెళ్ళింది ఆ మాటను బట్టే. నీళ్ళ సంగతిలో ఆ మాట ఎంతవరకు నిలబడిందన్న తగవు మటుకు ఆనాటినుంచి ఈనాటి దాకా తెగలేదు.

ఒడంబడిక జరిగిన అయిదు నెలలకే, 1938 ఏప్రిల్ 11న పంతులుగారు పరమపదించారు. మరి ఇరవై రోజులకు 71 ఏళ్ళు నిండేవి. ఆంధ్రరాష్ట్రం చూడలేదు, స్వరాజ్యమూ చూడలేదు.

మగబిడ్డలు లేరు కనుక అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు మందునూ, పత్రికనూ, భారతినీ నెత్తిన వేసుకుని నడిపారు. మద్రాసులో లజ్ దగ్గర పంతులుగారి పేరుతో పెద్ద పార్కు ఉన్నది. ఆంధ్రపత్రిక, భారతి రెండూ 1991లో ఆగిపోయాయి. పాత సంచికలు ఇప్పుడు కొన్ని గ్రంథాలయాల్లో దొరుకుతాయి, పట్టుకుంటే అంచులు విరిగేటట్టు. అమృతాంజనం కంపెనీ 2007లో పేరు మార్చుకుని అమృతాంజన్ హెల్త్ కేర్ అయింది. మందు మాత్రం పామర్రు సెంటరులో ఏ కిరాణా కొట్టులో అడిగినా ఇస్తారు.